1969 ఎన్‌బీఏ ప్లేఆఫ్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌బీఏ అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్, ప్లేఆఫ్స్ అంటే లీగ్ మ్యాచ్‌లు అయ్యాక కప్పు కోసం జరిగే నాకౌట్ పోటీలు. బాస్కెట్‌బాల్ పాత కథల్లో నన్ను ఎక్కువమంది అడిగేది ఈ ఒక్క సంవత్సరం, 1969, గురించే. కొందరు లాస్ ఏంజెలెస్ లేకర్స్ ఆటగాడు జెర్రీ వెస్ట్ పేరు విని వస్తారు, కొందరు బెలూన్ల కథ విని వస్తారు. చాలామందికి మాత్రం అదే జట్టులోని విల్ట్ చాంబర్లేన్‌ను కోచ్ బెంచి మీదే ఎందుకు కూర్చోబెట్టాడో కావాలి. అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నింటికి కాదు.

ఒక్క ముక్కలో చెప్పండి, ఎవరు గెలిచారు?

బోస్టన్ సెల్టిక్స్. ఫైనల్స్‌లో లాస్ ఏంజెలెస్ లేకర్స్‌ను 4-3తో ఓడించింది. ఏడో మ్యాచ్ 1969 మే 5న లేకర్స్ సొంత హాల్ ‘ఫోరం’లో జరిగింది. స్కోరు 108-106.

ఎన్ని జట్లు ఆడాయి? ప్లేఆఫ్స్ పద్ధతి ఇప్పటిలాగే ఉండేదా?

అప్పుడు లీగ్‌లో ఉన్నవే 14 జట్లు. మిల్వాకీ బక్స్, ఫీనిక్స్ సన్స్ ఆ సీజన్లోనే కొత్తగా చేరాయి. ఈస్ట్, వెస్ట్ అని రెండు డివిజన్లు, ఒక్కోదానిలో ఏడు జట్లు. ఒక్కో జట్టు 82 మ్యాచ్‌లు ఆడాక ఒక్కో డివిజన్ నుంచి నాలుగేసి జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్లేవి. మూడు రౌండ్లు, మూడూ ‘ఏడింటిలో నాలుగు గెలిస్తే చాలు’ పద్ధతే.

ఇప్పటివాళ్లకు వింతగా అనిపించేది జోడీలు కట్టిన తీరు. ఇప్పుడైతే మొదటి స్థానం జట్టుకు చివరి స్థానం జట్టు ఎదురవుతుంది. అప్పట్లో ఒకటో స్థానంతో మూడో స్థానం, రెండో స్థానంతో నాలుగో స్థానం ఆడేవి. అంటే డివిజన్లో మొదటి స్థానం తెచ్చుకున్నందుకు దక్కిన బహుమతి, నాలుగో జట్టు కన్నా బలమైన ప్రత్యర్థి! దాని దెబ్బ ఆ ఏడాది బాల్టిమోర్‌కు బాగా తగిలింది. కింద చెబుతాను.

మూడు పాయింట్ల గీత ఉండేదా?

లేదు. ఎన్‌బీఏలోకి అది 1979-80 సీజన్లో వచ్చింది. ఎంత దూరం నుంచి వేసినా రెండే పాయింట్లు. కాబట్టి అప్పటి 15 పాయింట్ల ఆధిక్యాన్ని ఇప్పటి లెక్కతో చూడకండి, అది తరగడానికి చాలాసేపు పట్టేది. 24 సెకన్ల గడియారం (బంతి చేతికొచ్చిన జట్టు ఆలోపు షాట్ వేయాలన్న రూలు) మాత్రం 1954 నుంచే ఉంది. ఆరు ఫౌళ్లకు (ఎదుటివాణ్ణి రూలు తప్పి తాకడం, అడ్డుకోవడం) ఆటగాడు బయటికి వెళ్లాలన్న రూలూ ఉంది. ఈ రూలు ఏడో మ్యాచ్‌లో మళ్లీ గుర్తుకొస్తుంది.

సెల్టిక్స్ గెలవడంలో వింతేముంది? వాళ్లు ఎప్పుడూ గెలిచేవాళ్లే కదా?

ఎప్పుడూ గెలిచిన మాట నిజమే. బిల్ రసెల్ వచ్చిన తర్వాత, ఈ ఏడాదితో కలిపి, 13 సీజన్లలో 11 టైటిళ్లు వాళ్లవే. కానీ ఈసారి వాళ్లు ముసలి జట్టు. రసెల్‌కు 35 ఏళ్లు. శామ్ జోన్స్ అదే తన చివరి సీజన్ అని ముందే చెప్పేశాడు. లీగ్ మ్యాచ్‌లలో 48 గెలిచి 34 ఓడి, ఈస్ట్‌లో నాలుగో స్థానంలో, అంటే ప్లేఆఫ్స్‌కు చివరి టికెట్ మీద లోపలికొచ్చారు. పైనున్న మూడు జట్లూ, బాల్టిమోర్ (57 గెలుపులు), ఫిలడెల్ఫియా (55), న్యూయార్క్ (54), అందరూ వీళ్లకన్నా కుర్రవాళ్లు.

పైగా రసెల్ ఆటగాడు మాత్రమే కాదు, కోచ్ కూడా ఆయనే. రెడ్ ఆవర్‌బాక్ 1966లో కోచింగ్ వదిలి జనరల్ మేనేజర్ పనికి పరిమితమైనప్పుడు ఆ కుర్చీ రసెల్‌కు ఇచ్చాడు. ఎన్‌బీఏలో మొదటి నల్లజాతి హెడ్‌కోచ్ ఆయనే. మ్యాచ్‌లో 40కి పైగా నిమిషాలు సెంటర్‌గా (బాస్కెట్ దగ్గర ఆడే పొడగరి స్థానం అది) ఆడుతూ, ఎవర్ని దింపాలో ఎవర్ని తీయాలో కోర్టులోంచే చూసుకోవాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది కప్పును ఆటగాళ్ల సత్తా కన్నా, తన జట్టుతో ఏ కోచ్‌కు ఎంత మాట కలిసిందన్నదే తేల్చిందని నా నమ్మకం.

మొదటి రౌండ్‌లో ఏం జరిగింది?

ఈస్ట్‌లో తలకిందులైంది. మొదటి స్థానంలో ఉన్న బాల్టిమోర్ బుల్లెట్స్‌ను న్యూయార్క్ నిక్స్ 4-0తో ఊడ్చేసింది. బాల్టిమోర్‌లో వెస్ అన్‌సెల్డ్ ఉన్నాడు. మొదటి సీజన్లోనే ‘రూకీ ఆఫ్ ద ఇయర్’ (ఏడాదిలో మేటి కొత్త ఆటగాడు), ‘మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్’ (ఎంవీపీ, ఏడాదిలో మేటి ఆటగాడు) రెండూ కొట్టినవాడు. అలా రెండూ కలిపి గెలిచినవాళ్లు ఎన్‌బీఏ చరిత్రలో ఇద్దరే, రెండోవాడు చాంబర్లేన్. కానీ గస్ జాన్సన్ గాయంతో దూరమయ్యాడు. అటువైపు న్యూయార్క్ డిసెంబరులో డేవ్ డిబషర్‌ను తెచ్చుకున్నప్పటి నుంచి వేరే జట్టయిపోయింది. విల్లిస్ రీడ్, వాల్ట్ ఫ్రేజియర్, బిల్ బ్రాడ్లీ అప్పటికే ఉన్నారు. మూడో స్థానం అని పేరే గానీ, ఆ సమయానికి ఈస్ట్‌లో మంచి ఊపు మీదున్న జట్టు అదే.

బోస్టన్ ఫిలడెల్ఫియాను 4-1తో ఓడించింది. ఫిలడెల్ఫియా రెండేళ్ల కిందట, 1967లో, ఇదే బోస్టన్‌ను ఓడించి కప్పు తీసుకెళ్లిన జట్టు. అప్పుడు వాళ్ల దగ్గర చాంబర్లేన్ ఉన్నాడు, ఇప్పుడు లేడు.

వెస్ట్‌లో లేకర్స్‌కు మొదట గుండె జారింది. శాన్‌ఫ్రాన్సిస్కో వారియర్స్ లాస్ ఏంజెలెస్‌కు వచ్చి మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచి వెళ్లింది. సొంతగడ్డ మీద 0-2! తర్వాత లేకర్స్ వరుసగా నాలుగు గెలిచింది. ఆఖరిది 118-78, అంటే 40 పాయింట్ల తేడా. అట్లాంటా హాక్స్ శాన్‌డియేగో రాకెట్స్‌ను 4-2తో పంపేసింది. అవును, ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉన్న రాకెట్స్ అప్పట్లో శాన్‌డియేగోలో ఉండేది. కొత్తగా వచ్చిన ఎల్విన్ హేస్ ఆ సీజన్ మొత్తం లీగ్‌లో అందరికన్నా ఎక్కువ, సగటున 28.4 పాయింట్లు చేశాడు. హాక్స్‌కు కూడా అట్లాంటాలో అది మొదటి ఏడే, అంతకుముందు సెయింట్ లూయిస్‌లో ఉండేది.

మరి డివిజన్ ఫైనల్స్?

బోస్టన్ నిక్స్‌ను 4-2తో, లేకర్స్ హాక్స్‌ను 4-1తో. నిక్స్ సిరీస్‌లో ఆరో మ్యాచ్ ఒక్క పాయింటుతో తేలింది. ఫ్రేజియర్ గాయంతో కుంటుతున్నాడు. అతను బాగుంటే ఏమయ్యేదోనని న్యూయార్క్‌వాళ్లు చాలాకాలం అనుకున్నారు. పెద్దగా బాధపడాల్సిన పని లేకపోయింది, మరుసటి ఏడు కప్పు వాళ్లదే.

చాంబర్లేన్ లేకర్స్‌కు ఎలా వచ్చాడు?

1968 జూలైలో ఫిలడెల్ఫియా అతన్ని ఇచ్చేసి ఆర్చీ క్లార్క్, డారల్ ఇమ్‌హాఫ్, జెర్రీ చాంబర్స్‌ను తీసుకుంది. లేకర్స్ యజమాని జాక్ కెంట్ కుక్ లెక్క సూటిగా ఉంది. ఎల్జిన్ బేలర్ ఉన్నాడు, జెర్రీ వెస్ట్ ఉన్నాడు, ఒక్క మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టిన చాంబర్లేన్ కూడా వచ్చాడు, ఇక అడ్డేముంది?

అడ్డు జట్టులోపలే ఉంది. కోచ్ బుచ్ వాన్ బ్రెడా కోల్ఫ్‌కు బంతి చేతులు మారుతూ, మనుషులు కదులుతూ ఉండే ఆట ఇష్టం. చాంబర్లేన్‌కు బాస్కెట్ దగ్గర నిలబడి ఆడటం అలవాటు. అదే చోటికి బేలర్ దూసుకొస్తాడు. ఇద్దరికీ ఒకే జాగా కావాలి. చాంబర్లేన్‌ను ఫ్రీ త్రో గీత (ఫౌల్‌కు బదులు దక్కే ఉచిత షాట్ వేసే చోటు) వైపు జరగమన్నాడు కోచ్, జరగనన్నాడు చాంబర్లేన్. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, ఇక్కడ మూడున్నాయి. అయినా లేకర్స్ 55 మ్యాచ్‌లు గెలిచింది. అది వాళ్ల సత్తా. కానీ కోచ్‌కూ సెంటర్‌కూ మాట సరిగ్గా లేదన్నది ఊరంతటికీ తెలుసు.

ఫైనల్స్ మ్యాచ్‌ల స్కోర్లు చెప్పగలరా?

మొదటిది లేకర్స్ 120-118. రెండోది లేకర్స్ 118-112. మూడోది బోస్టన్ 111-105. నాలుగోది బోస్టన్ 89-88. అయిదోది లేకర్స్ 117-104. ఆరోది బోస్టన్ 99-90. ఏడోది బోస్టన్ 108-106. మొదటి ఆరు మ్యాచ్‌లూ ఎవరి ఊళ్లో జరిగితే వాళ్లే గెలిచారు. ఏడోది లాస్ ఏంజెలెస్‌లో. అందుకే అందరూ లేకర్స్ గెలిచేసిందనే అనుకున్నారు.

వెస్ట్ నిజంగా అంత ఆడాడా, లేక పాతకాలం వాళ్లు పెంచి చెబుతారా?

పెంచే అవసరమే లేదు. మొదటి మ్యాచ్‌లో 53 పాయింట్లు, 10 అసిస్ట్‌లు (తోటివాడు స్కోరు చేసేలా అందించిన పాస్‌లు). రెండోదానిలో 41. ఫైనల్స్ మొత్తం మీద సగటు 37.9. మూడు పాయింట్ల గీత లేని కాలంలో ఒక గార్డ్ (బాస్కెట్‌కు దూరంగా ఉండి ఆట నడిపేవాడు) చేసిన లెక్క ఇది.

మొదటి రెండు మ్యాచ్‌లలో రసెల్ అతని మీదికి ఇద్దర్ని పంపలేదు. ఒక్కడితోనే ఆపుదాం, మిగతావాళ్లను కట్టేద్దాం అనుకున్నాడు. ఫలితం 0-2. మూడో మ్యాచ్ నుంచి మనసు మార్చుకుని ఇద్దర్ని మీదికి తోలాడు. తన ఆలోచన తప్పని తెలిశాక పట్టుదలకు పోకుండా మార్చుకోవడం చూడండి. ఎదుటి బెంచిలో కోచ్ ఏం చేశాడో చదివాక ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

అయిదో మ్యాచ్ చివర్లో వెస్ట్ తొడ కండరం పట్టేసింది. ఆ కాలుతోనే ఆరు, ఏడు ఆడాడు. ఏడో మ్యాచ్‌లో 42 పాయింట్లు, 13 రీబౌండ్లు (గురితప్పిన షాట్ తర్వాత బంతిని అందుకోవడం), 12 అసిస్ట్‌లు. కుంటుతూ!

నాలుగో మ్యాచ్ చివరి షాట్ గురించి విన్నాం. ఏమిటది?

నిజానికి సిరీస్ మలుపు అక్కడే తిరిగింది. లేకర్స్ 2-1తో ముందుంది. ఇదీ గెలిస్తే 3-1, ఆపై మ్యాచ్ సొంతగడ్డ మీద. చివరి సెకన్లలో లేకర్స్ 88-87తో ఆధిక్యంలో ఉంది, బంతి కూడా వాళ్లదే. బోస్టన్ గార్డ్ ఎమెట్ బ్రయంట్ దాన్ని లాగేశాడు. టైమవుట్ తీసుకుని, శామ్ జోన్స్ ముందు ముగ్గుర్ని అడ్డుగోడలా నిలబెట్టే ఎత్తు వేశారు. తోటి ఆటగాడు జాన్ హావ్లిచెక్ బంతి అందించాడు. జోన్స్ కాలు జారింది. పడబోతూనే, తప్పు కాలి మీద బరువేసి విసిరాడు. బంతి రింగ్‌కు తగిలి, ఆడి, లోపల పడింది. 89-88. మిగిలింది ఒక్క సెకను.

బెలూన్ల కథ నిజమేనా?

నిజమే. ఈ ప్లేఆఫ్స్‌లో నాకు చాలా ఇష్టమైన ఘట్టం కూడా ఇదే, కాస్త తీరిగ్గా చెబుతాను.

ఏడో మ్యాచ్‌కు ముందు కుక్ ఫోరం పైకప్పుకు వలలు కట్టించి, వేలకొద్దీ బెలూన్లు నింపించాడు. గెలవగానే వదలడానికి. అది చాలదన్నట్టు సంబరాల కార్యక్రమం కాగితం మీద అచ్చేయించారు. లేకర్స్ గెలవగానే పైనుంచి బెలూన్లు పడతాయి, యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా బ్యాండు పాట వాయిస్తుంది, ఆపైన కామెంటేటర్ చిక్ హెర్న్ బేలర్, వెస్ట్, చాంబర్లేన్‌లతో వరసగా మాట్లాడతాడు. గెలిస్తే అని కాదు, గెలిచినప్పుడు అని రాశారు!

మనవాళ్లు దీనికి ఏనాడో సామెత కట్టి పెట్టారు: ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆ కాగితం ఒకటి బోస్టన్‌వాళ్ల చేతికి చిక్కింది. రసెల్ దాన్ని తన జట్టుకు చూపించాడు. ఇక వేరే ప్రసంగం అక్కర్లేదు కదా. వార్మప్‌కు వచ్చిన ప్రతి బోస్టన్ ఆటగాడూ తలెత్తి పైకప్పు చూశాడు. వెస్ట్‌కు ఆ బెలూన్లు చూసి ఒళ్లు మండింది. అప్పటికే బోస్టన్ చేతిలో అయిదు ఫైనల్స్ ఓడినవాడు, ఎదుటివాణ్ణి రెచ్చగొడితే ఏమవుతుందో అతనికన్నా బాగా ఎవరికి తెలుసు?

ఏడో మ్యాచ్‌లో చాంబర్లేన్‌ను మళ్లీ ఎందుకు దింపలేదు?

అసలు ప్రశ్న ఇదే. జరిగింది ముందు చెబుతాను.

బోస్టన్ మొదటి నుంచీ దూకుడుగా ఆడింది. మూడు క్వార్టర్లు ముగిసేసరికి 91-76. చాంబర్లేన్‌కు అప్పటికి అయిదు ఫౌళ్లు. అతని ఎన్‌బీఏ జీవితం మొత్తంలో ఆరో ఫౌల్‌తో బయటికి వెళ్లింది ఒక్కసారీ లేదు, ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టంలేక జాగ్రత్తగా ఆడతాడని విమర్శించేవాళ్లు అప్పట్లోనే ఉన్నారు. చివరి క్వార్టర్‌లో లేకర్స్ మెల్లగా దగ్గరికొస్తోంది. ఐదు నిమిషాల పైచిలుకు ఆట మిగిలి ఉండగా చాంబర్లేన్ రీబౌండ్ అందుకుని కిందికి దిగేటప్పుడు మోకాలు దెబ్బతింది. కుంటుతూ బయటికొచ్చాడు. బదులుగా మెల్ కౌంట్స్ వెళ్లాడు.

కౌంట్స్ చెడగొట్టలేదు. అతను వేసిన షాట్‌తోనే తేడా ఒక్క పాయింటుకు దిగింది, 103-102. అప్పటికి చాంబర్లేన్ మోకాలికి కాస్త నెమ్మదించింది, దింపమని అడిగాడు. నువ్వు లేకుండానే బాగా ఆడుతున్నాం అన్న అర్థంలో కోచ్ జవాబిచ్చాడు. మళ్లీ అడిగినా అదే. చాంబర్లేన్ బెంచి మీద ఉండగానే మ్యాచ్ అయిపోయింది, రెండు పాయింట్ల తేడాతో.

కోచ్‌ది తప్పేనా? ఆ నిమిషానికి అతని లెక్కలో కొంత న్యాయం ఉంది. జట్టు కోలుకుంటున్నది ఈ అయిదుగురితో, ఎందుకు కదపాలి? చాంబర్లేన్‌ను దింపితే బోస్టన్ కావాలని ఫౌల్ చేసి ఫ్రీ త్రో గీత దగ్గర నిలబెట్టేదన్న వాదన కూడా ఉంది. ఆ రాత్రి 13 ఫ్రీ త్రోలు వేసి నాలుగే దింపాడు మరి. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ అప్పటికే 18 పాయింట్లు, 27 రీబౌండ్లు చేసినవాణ్ణి, ఎదుట 35 ఏళ్ల రసెల్ కూడా అయిదు ఫౌళ్లతో అలసిపోయి ఉన్నప్పుడు బెంచి మీద కూర్చోబెట్టడం లెక్క మాత్రమే అనుకోలేను. ఏడాదిగా నలిగిన కోపం అందులో లేదంటే నమ్మను.

కొద్దిరోజులకే వాన్ బ్రెడా కోల్ఫ్ రాజీనామా చేసి డెట్రాయిట్‌కు కోచ్‌గా వెళ్లిపోయాడు.

చివరికి మ్యాచ్‌ను తేల్చిన షాట్ ఎవరిది?

బోస్టన్ ఆటగాడు డాన్ నెల్సన్‌ది. హావ్లిచెక్ చేతిలోని బంతిని లేకర్స్ ఆటగాడు కీత్ ఎరిక్సన్ వెనకనుంచి తట్టాడు. మంచి డిఫెన్స్ అది, తప్పు పట్టడానికేం లేదు. ఆ బంతి పోయిపోయి ఫ్రీ త్రో గీత దగ్గరున్న నెల్సన్ చేతుల్లో పడింది. గడియారం అయిపోతోందని విసిరేశాడు. రింగ్ వెనక అంచుకు తగిలి నిట్టనిలువుగా పైకి లేచి, నేరుగా లోపలికి దిగింది. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటే ఇదే. నాలుగో మ్యాచ్‌లో జోన్స్ షాట్, ఏడో మ్యాచ్‌లో నెల్సన్ షాట్, రెండూ రింగ్ మీద ఆడి పడ్డవే. లేకర్స్ అభిమాని బాధ అర్థం చేసుకోవచ్చు.

ఓడిన జట్టువాడికి ఫైనల్స్ ఎంవీపీ ఎలా ఇచ్చారు?

ఆ అవార్డు పుట్టిందే ఆ ఏడాది. మొదటిసారే ఓడినవాడికి వెళ్లింది. తర్వాత ఇప్పటిదాకా మళ్లీ ఎప్పుడూ అలా జరగలేదు. మనకు క్రికెట్లో ఇది కొత్తేం కాదు. 2023 ప్రపంచకప్‌లో 765 పరుగులు చేసిన కోహ్లీకి ‘ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్’ ఇచ్చారు, అహ్మదాబాద్‌లో ఫైనల్ ఓడాం. ఆ రోజు అతని మొహం గుర్తున్నవాళ్లకు వెస్ట్ మొహం ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

బహుమతిగా కారు ఇచ్చారు. డాడ్జ్ చార్జర్. రంగు పచ్చ. సెల్టిక్స్ జెర్సీ రంగు కూడా పచ్చే.

వెస్ట్‌కు కప్పు ఎప్పటికీ రాలేదా?

వచ్చింది, ఒక్కటి. 1972లో న్యూయార్క్‌ను 4-1తో ఓడించి. చాంబర్లేన్ అప్పుడు కూడా పక్కనే ఉన్నాడు, అతనికి అది రెండోది. పాపం బేలర్‌ది ఇంకా ఘోరం. మోకాళ్లు సహకరించక అదే సీజన్ మొదట్లో రిటైరయ్యాడు, కొన్ని నెలలకే జట్టు కప్పు గెలిచింది. లేకర్స్ ఫైనల్స్‌లో బోస్టన్‌ను ఓడించడానికి మాత్రం 1985 దాకా ఆగాల్సి వచ్చింది.

అప్పట్లో ఇంకో లీగ్ కూడా ఉండేదట?

ఉండేది, ఏబీఏ (అమెరికన్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్). ఎరుపు, తెలుపు, నీలం రంగుల బంతితో ఆడేవాళ్లు, మూడు పాయింట్ల గీత కూడా వాళ్లకుంది. 1969లో అక్కడ ఓక్లాండ్ ఓక్స్ గెలిచింది. ఆ ప్లేఆఫ్స్‌కు వేరే పేజీ కావాలి.

ఆ తర్వాత రసెల్ ఏం చేశాడు?

కొన్ని వారాలు గడిచాక ఆడటం, కోచింగ్ రెండూ మానేశానని ప్రకటించాడు. మరుసటి సీజన్ సెల్టిక్స్ 34 గెలిచి 48 ఓడి, ప్లేఆఫ్స్‌కే రాలేదు. ఆయన ఒక్కడు పోతే ఎంత పోయిందో ఆ లెక్కే చెబుతుంది.

వెళ్తూ వెళ్తూ ఒక పని చేశాడు. ఏడో మ్యాచ్‌లో చాంబర్లేన్ బయటికి వెళ్లకుండా ఉండాల్సిందని, అంత దెబ్బేం కాదన్నట్టు ఒక సభలో అనేశాడు. అది పత్రికల్లోకి ఎక్కింది. అంతకుముందు ఇద్దరూ మంచి స్నేహితులు, థాంక్స్‌గివింగ్ పండగకు ఒకరింట్లో ఒకరు భోంచేసినవాళ్లు. ఆ మాటతో 20 ఏళ్లకు పైగా మాటల్లేవు. చివరికి రసెల్ క్షమాపణ అడిగాడు, మళ్లీ కలిశారు. 1999లో చాంబర్లేన్ పోయినప్పుడు ఆ అంత్యక్రియల్లో మాట్లాడినవాళ్లలో రసెల్ ఒకడు.

ఫైనల్స్ ఎంవీపీ అవార్డుకు ఇప్పుడున్న పేరు ఎవరిది?

బిల్ రసెల్‌ది, 2009 నుంచి. ఆ అవార్డు పుట్టేసరికి ఆయన ఆడేది ఒక్క ఫైనల్సే మిగిలింది, అందులో అవార్డు వెస్ట్ పట్టుకెళ్లాడు. అలా 11 టైటిళ్లు గెలిచినా రసెల్‌కు ఆ అవార్డు ఒక్కసారీ రాలేదు.